నోటిదూల, ముప్పై ఏడో భాగం

‘నోటిదూల’ పాడ్‌కాస్ట్ ఊళ్లో పెట్టిన చిచ్చు అంతా ఇంతా కాదు. పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఇంట్లోవాళ్లను ఆడిపోసుకోవడమే అందులో కార్యక్రమం. రెండు పెళ్లిళ్లు ఆగిపోయాయి, ఒక ఇంటి మధ్యలో గోడ లేచింది. చివరికి నడిపినాయన చెంపలేసుకుని మూసేశాడు. అయినా చరిత్ర చరిత్రేనని లైబ్రరీవాళ్లు నూటపన్నెండు భాగాలనూ దాచడానికి పూనుకున్నారు. ఒక్కో భాగాన్నీ ఇద్దరు విని, విడివిడిగా రాసి, సరిచూసుకోవాలి. ఏదీ చెరపకూడదు.

ఆ నియమం పెట్టింది లైబ్రేరియనే. ఇప్పుడు దాన్నెలా మీరాలా అని గోళ్లు కొరుక్కుంటున్నదీ ఆవిడే. ముప్పై ఏడో భాగంలో ఫోన్ చేసింది తనే మరి! పైగా వినడానికి రెండో మనిషి కోసం వెతుకుతుంటే, రిటైరైన టైపిస్టు ఒకావిడ ఊరికే చేసిపెడతానని వచ్చింది. ఆవిడ స్వయానా తన అత్తగారు.

ముప్పై ఏడులో లైబ్రేరియన్ గొంతు ఖంగుమంటుంది: “మా అత్తగారు ఫ్రిజ్‌లో గిన్నె గిన్నెకీ చీటీ అంటిస్తుందండీ. ఎప్పుడు వండింది, ఎప్పుడు పారేయాలి అని. ఏదో ఒకరోజు నేను నిద్రపోతుంటే నా నుదుటిమీదా అంటించేస్తుంది!”

అత్తగారు ముప్పై ఆరు ముగించి టీకి లేచింది. ఇదే సందని లైబ్రేరియన్ ముప్పై ఏడుమీద నొక్కింది. ‘తొలగించాలా?’ అని అడిగింది కంప్యూటర్.

“అది తీసేస్తే ముప్పై ఎనిమిది ఎవరికి జవాబవుతుందమ్మాయ్?” వెనకే అత్తగారు, చేతిలో టీకప్పు.

“అత్తయ్యా... మీకు తెలుసా?”

“అప్పుడే విన్నాను. రోజూ వినే గొంతేగా! ముందిది విను.” ముప్పై ఎనిమిది పెట్టి, హెడ్‌ఫోన్లు కోడలి తలకు తగిలించింది.

ఫోనుకు గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు: “పోయినవారం మాట్లాడిన కోడలికి చెప్పండి. మొన్నటి కూరా నిన్నటి కూరా కలిపి వేడిచేసి, కొత్త కూర అంటుంది. అందుకే నా చీటీలు. కానీ నుదుటిమీద చీటీ అంటే పడీపడీ నవ్వాననుకోండి. దాని మాటలు లేకపోతే నాకు పొద్దుపోదు.”

లైబ్రేరియన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ‘వద్దు’ నొక్కింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, రెండు భాగాలకూ విడివిడిగా రాశారు: ‘ఫోన్ చేసినవారు: తెలియదు.’ సరిచూస్తే అక్షరం తేడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం నలభై ఒకటో భాగం వింటూ లైబ్రేరియన్ బల్లమీదే కునుకు తీసింది. లేచి ముఖం కడుక్కోబోతే అద్దంలో నుదుటిమీద చీటీ. రోజూ ఫ్రిజ్‌లో చూసే గుండ్రటి అక్షరాలే. పైన తన పెళ్లినాటి తేదీ, కింద రెండు మాటలు: ‘పాడవదు. పారేయకూడదు.’