దిగేటప్పుడు గైడు వెనక

పెద్దావిడకి ఆ కోటంటే మొదటినుంచీ ఒళ్ళుమంట. మొగుడు బతుకంతా ఆ కొండమీదే గైడుగా అరిగిపోయాడు. పెళ్ళిరోజు గుర్తుండేది కాదు గానీ, ఏ బురుజు ఏ రాజు కట్టించాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అలాంటి కొండకి ఇవాళ ఆవిడే ఆయన్ని బతిమాలి తీసుకొచ్చింది.

ఏం చేస్తుంది మరి. ఆర్నెల్లుగా ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టడం లేదు. నిన్నయితే “ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో దూరావు” అని వీధిలోకి గెంటి తలుపేసుకున్నాడు. దాంతో కూతురు వృద్ధాశ్రమంలో మాట్లాడేసింది.

“ఒక్కసారి కోటకి తీసుకెళ్ళనివ్వవే. అక్కడైనా నన్ను పోల్చుకుంటే ఇంట్లోనే ఉంచుకుంటా. లేకపోతే నీ ఇష్టం,” అంది పెద్దావిడ. కూతురు సరేనని, ఆయన బట్టల సంచీతో సహా కొండ కింద కారులో కూర్చుంది.

టికెట్ల కిటికీ దాటగానే ముసలాయన నడుం నిటారయింది. చెయ్యి విడిపించుకుని ముందు నడిచాడు. “గోడవారగా రండమ్మా, మెట్లు నున్నబడ్డాయి.” ఏనుగుల శాల, దర్బారు, ఆయుధాల గది, ఎక్కడా ఒక్క ముక్క తడబడలేదు. పొట్టి గుమ్మం దగ్గర “రాజుగారు తల వంచింది రెండుచోట్లేనమ్మా. ఒకటి ఇక్కడ, రెండోది రాణిగారి ముందు,” అని పాత జోకు వేసి, నవ్వడానికి వీలుగా ఆగాడు కూడా. ఆవిడ నవ్వింది. పాడు మనసు, వెంటనే ఆశపడిపోయింది.

అంతఃపురం కిటికీ దగ్గరికొచ్చారు. ఒకప్పుడు కోట చూడ్డానికి వచ్చిన ఆవిణ్ణి ఇక్కడే నిలబెట్టి, మిగతా జనాన్ని గాలికొదిలేసి కబుర్లు చెప్పాడీయన.

“ఇక్కణ్ణించి మీ ఇల్లు కనిపిస్తుందా?” అని అడిగింది గుండె చిక్కబట్టుకుని.

“అదిగో, నీలం తలుపులది. మా ఆవిడ ఉంటుంది. నోరు పెద్దది గానీ మనసు వెన్నండీ.”

“ఎలా ఉంటుందేం?”

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా, చాలాసేపు చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుంది.

“మీలా కాదమ్మా. చిన్నపిల్ల,” అన్నాడు.

ఇక చూడ్డానికేం మిగల్లేదు. ఎక్కేటప్పుడు గైడు ముందు, దిగేటప్పుడు వెనక. అది ఆయన వృత్తిధర్మం. సందర్శకుల్ని కిందికి చేర్చేదాకా వదిలేవాడు కాదు. మధ్యలో ఆవిడకి కళ్ళు మసకబారి కాలు జారితే, వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాడు. “భయం లేదమ్మా, నేనున్నానుగా.” అంత ఆప్యాయంగా ఆయన మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఆవిడ బావురుమంది.

కింద కూతురు ఎదురొచ్చింది. “పోల్చుకున్నారా అమ్మా?”

“లేదే.”

కూతురు కళ్ళు తుడుచుకుని కారు తలుపు తెరిచింది. ఆయన వెనక్కి తగ్గాడు. “మీరెక్కండి, నేను నడిచి పోతాను. నేను వెళ్ళేదాకా మా ఆవిడ ముద్ద ముట్టదు.”

కూతురు బతిమాలింది, చెయ్యి పట్టి లాగింది. ఆయన ససేమిరా అన్నాడు. ఆయన్ని ఎక్కించే మాట పెద్దావిడకి తెలుసు. ఆ మాట అనడానికే నోరు రాలేదు. చివరికి అంది.

“మమ్మల్ని ఇంకా చేర్చలేదు కదండీ. మధ్యలో వదిలేసి వెళ్ళిపోతారా?”

“అయ్యో, తప్పమ్మా తప్పు,” అని నొచ్చుకుని, ఆవిడ ఎక్కేదాకా ఆగి, వెనకే ఎక్కి కూర్చున్నాడు.

నీలం తలుపుల ఇల్లున్న వీధి మలుపు వచ్చింది. కూతురు కారు తిప్పలేదు.