తునికిచెలమ టేపు

నేను ఒక టేపు రికార్డరును. ఇటుకరాయంత ఒళ్ళు, నాలుగు బ్యాటరీలు, ముందువైపు ఆరు మీటలు. నా తోటివాళ్ళలో చాలామంది పెళ్ళిళ్ళలో పాటలు పాడి, అరిగిపోయి, పాత సామాన్లవాడి గోనెసంచిలో చేరారు. నేను మాత్రం పగ పట్టాను. యంత్రానికి పగేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. విన్న మాటను ఉన్నదున్నట్టు దాచుకుని, అడిగినప్పుడల్లా అదే గొంతుతో తిరిగి చెప్పగలిగినవాడికి పగ పట్టడం పెద్ద కష్టం కాదు.

ఏ ఊళ్ళో పుట్టానో నాకు సరిగా తెలియదు. పొడుగాటి బల్ల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లలు ఇంటి కబుర్లు చెప్పుకుంటూ నా తీగలు అతికించారు. తర్వాత ఖమ్మంలో ఒక రేడియోల షాపులోంచి నన్ను పాస్టరు దేవసహాయం గారు కొనుక్కుపోయారు. ఆదివారం తన ప్రసంగం నాలో పట్టించి, సోమవారం పొద్దున్నే కాఫీ తాగుతూ తానే విని, మంచి చోట్ల తానే 'ఆమెన్' అనేవారు. మనిషికి తన గొంతంటే ఎంత మోజో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

ఆయన కూతురు ఎస్తేరు. లా చదివి నాలుగేళ్ళు కోర్టుకు వెళ్ళింది. తర్వాత నల్లకోటు విడిచి హక్కుల సంఘంలో చేరింది. అడవి పల్లెల్లో కాల్పులు జరిగితే అక్కడికి వెళ్ళడం, చూసినవాళ్ళను అడగడం, చెప్పింది చెప్పినట్టు రాయడం ఆమె పని. పోలీసులు చంపినా రాసేది, అడవిలో తుపాకులతో తిరిగే అన్నలు చంపినా రాసేది. అందుకని ఇద్దరికీ ఆమె పొడ గిట్టేది కాదు. ఒకసారి బయల్దేరుతుంటే పాస్టరు గారు నన్ను ఆమె సంచిలో పెట్టారు. "నువ్వు రాసింది నమ్మకపోవచ్చు. వాళ్ళ గొంతే వింటే ఏమంటారో చూద్దాం" అన్నారు.

ఆ ఏడు ఎండాకాలం, తునికాకు కోసే రోజుల్లో, తునికిచెలమ అనే కోయ గూడెం దగ్గర గుర్తు తెలియని తీవ్రవాది ఒకడు ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో పడింది. మూడో రోజు మేమక్కడున్నాం. గూడెంలో అందరికీ అతను తెలుసు. పేరు మడకం ఉంగయ్య. అతని భార్య భీమె బడి వరండాలో, ఎండుతున్న ఆకు కట్టల పక్కన కూర్చుని నా ముందు మాట్లాడింది.

"అంబలి తాగుతుండె అక్కా. చెంబు చేతిలనే ఉంది. చేతులు కట్టిన్రు, జీపెక్కిచ్చిన్రు. నేను ఎనక ఉరికిన. పొద్దు గూకకముందే వాగు దిక్కు రెండుసార్లు పేలింది."

"ఉంగయ్య అన్నల దగ్గరికి పోయేవాడా?" అని ఎస్తేరు అడిగింది.

భీమె పక్కనున్న ఆకు కట్ట తాడు బిగించింది. "రెండుమాట్ల బియ్యం మోసిండు. మొయ్యకుంటే ఆళ్ళు ఊకుంటరా?"

అప్పుడే జీపు వచ్చి ఆగింది. దిగినవాడు డీఎస్పీ చక్రపాణి. ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, మెత్తటి మాట. భీమెను లేచి పొమ్మన్నాడు. నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పాజ్ మీట నొక్కాడు. టక్ మంది.

పాస్టరు గారు ప్రసంగాలు ఆపి ఆపి వినడంతో ఆ మీట ఎప్పుడో అరిగిపోయింది. చప్పుడు చేస్తుంది కానీ టేపును ఆపదు. నా కిటికీ గీతలు పడి తెల్లబారింది కాబట్టి లోపల చక్రాలు తిరగడం ఆయనకు కనపడలేదు. ఎస్తేరుకు తెలుసు. ముఖంలో మాత్రం ఏమీ కనపడనియ్యలేదు.

ఆయన నన్ను మోకాలి మీద పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "ఎందుకమ్మా ఈ ఎండలో తిరగడం? చదువుకున్నవాళ్ళు. మీకు చెప్పకుండా దాచేదేముంది. ఇంటి దగ్గర్నుంచే తెచ్చాం. ఎదురుకాల్పులంటే ఎదురుగా నిలబెట్టి కాల్చడమే కదా. వెనక నుంచి కాల్చలేదు, సంతోషించండి."

పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. ఆ నవ్వు కూడా నా దగ్గరుంది.

"అతనికి పేరుంది సార్" అంది ఎస్తేరు.

"ఉంటే ఉండనీండి. కాగితం మీద గుర్తు తెలియనివాడే." లేస్తూ నన్ను ఆకు కట్టల మీదకు విసిరేశాడు. క్యాసెట్టు తీసుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. అందులో ఉన్నది ఒక కోయ మనిషి ఏడుపే అనుకున్నాడు.

ఖమ్మంలో సంఘం పెద్ద వేదాచలం మాస్టారు టేపంతా విన్నారు. మంచాయన, జైలుకు కూడా వెళ్ళొచ్చినవాడు. విని, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "వాడు చిక్కాడమ్మాయ్. కానీ ఆ బియ్యం ముక్క మనకు అడ్డం. అరనిమిషం చెరిపేస్తే పోతుంది."

పాత మాటను చెరిపే నా ఎర్రమీట మీద ఎస్తేరు వేలు చాలాసేపు ఉంది. నిజం చెప్తున్నాను, నేను నొక్కమనే కోరుకున్నాను. నీతి పాస్టరు గారి సొత్తు, నాకు చక్రపాణి కావాలి. ఆమె వేలు తీసేసింది.

"వాడి మీద నాకున్నది పగే మాస్టారూ. న్యాయమని పెద్ద పేరు పెట్టను. అందుకే ఒక్క ముక్క కూడా చెరపను. చెరిపినచోటే పట్టుకుని వాడు బయటపడతాడు."

కేసు మొదలుకావడానికే పదకొండేళ్ళు పట్టింది. ఈలోపు చక్రపాణికి పతకం వచ్చింది, ప్రమోషన్లు వచ్చాయి. ప్రతి ఏడూ ఉంగయ్య పోయిన తారీఖుకు అందేలా ఎస్తేరు ఆయన ఇంటికి ఒక కార్డు పంపేది. అందులో రెండే మాటలు: మడకం ఉంగయ్య. బెదిరింపు లేదు, కింద సంతకం లేదు. రెండుసార్లు ఆమెను స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టారు. పేరు రాయడం ఏ సెక్షను కింద నేరమో చెప్పమంది. రెండుసార్లూ పంపేశారు. ఆ తర్వాతి ఏడు కూడా కార్డు రాసింది.

చివరికి హైకోర్టు ఉత్తర్వుతో హత్య కేసు సెషన్సు కోర్టుకు వచ్చింది. చక్రపాణి అప్పటికి రిటైరయ్యాడు. జుట్టు నెరిసింది కానీ ఇస్త్రీ మడత చెదరలేదు. టేపును కత్తిరించి అతికించారని ఆయన లాయరు వాదించాడు. జడ్జి గారు మొత్తం వినిపించమన్నారు.

నేను మొదలుపెట్టాను. భీమె అంబలి గురించి చెప్పింది. బియ్యం మాట రాగానే ఆ లాయరు లేచి, "విన్నారుగా, ఆమే ఒప్పుకుంటోంది" అన్నాడు.

"వాళ్ళకు అడ్డమొచ్చే మాటే చెరపనివాళ్ళు ఇంకేం చెరిపారంటారు?" అన్నారు జడ్జి గారు. "కూర్చోండి."

తర్వాత టక్ మన్న చప్పుడు. దాని వెనకే ఆ మెత్తటి గొంతు. చక్రపాణి నీళ్ళు అడిగాడు. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. ఆయన భార్య మూడో వరసలో కూర్చుని ఉంది. కానిస్టేబులు నవ్వు వినపడగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. నా జన్మలో అంత తీపిగా నేనెన్నడూ మోగలేదు. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

"చనిపోయిన మనిషి మీకు తెలుసా?" జడ్జి గారు అడిగారు.

"ఆ వ్యక్తి ఎవరో నాకు..." అని ఆయన నసిగాడు.

వెనక బెంచీలోంచి భీమె లేచింది. గుమాస్తా కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు. "పేరు పెట్టి చెప్పమనున్రి అయ్యా. ఎన్ని కార్డులచ్చినయ్ ఆయనకు."

జడ్జి గారు ఆమెను చూసి, ఆయన వైపు తిరిగారు. "చెప్పండి."

ఆయన గొణిగాడు.

"నాకు ఇనబడలే" అంది భీమె.

"మడకం ఉంగయ్య" అన్నాడు చక్రపాణి. ఈసారి హాలంతా వినపడింది. ఎస్తేరు తల వంచుకుని తన నోటుబుక్కులో ఆ పేరూ, టైమూ రాసుకుంది.

యావజ్జీవం పడింది. ఆయన పై కోర్టుకెళ్ళాడు, జబ్బు కాగితాలు పెట్టి బెయిలు తెచ్చుకున్నాడు. వాయిదా వాయిదాకూ ఎస్తేరు వెళ్ళి, ఆయన కంటికి ఆనేలా ముందు వరసలో కూర్చుంటుందట. భీమె కూడా వస్తుందట.

నేను కోర్టు సామాన్ల గదిలో ఉన్నాను. ఒక పక్క రక్తం మరకల కొడవలి, ఇంకో పక్క పగిలిన సారా సీసా. నా మెడకు నంబరు చీటీ కట్టారు. అప్పీలు తేలేదాకా నన్ను పారెయ్యడానికి వీల్లేదు. మొన్న కొత్త గుమాస్తా వచ్చి, పనిచేస్తున్నానో లేదో చూడాలని మీట నొక్కాడు. "ఎదురుగా నిలబెట్టి కాల్చడమే కదా" అన్నాను. అతను ఠక్కున ఆపేసి, తలుపు దాకా వెళ్ళి, పక్క గదిలో వాళ్ళను పిలుచుకొచ్చాడు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చెప్పాను.