సావినో లాతొర్రె నోటిపరీక్ష

జూలై నెలాఖరు. ఆ పరీక్షల విడతలో ఆఖరి నోటిపరీక్ష రోజు. లెక్కల ప్రొఫెసర్ దె పాల్మా జాబితా చూసి హాజరు కోసం పేర్లు పిలుస్తున్నాడు. "సావినో లాతొర్రె" అనగానే వెనక బెంచీలోంచి నల్లగౌను వేసుకున్న ఒకావిడ లేచి నిలబడింది.

"వాడు లేడండీ. నేను వాళ్లమ్మని," అంది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సావినో పోయి అప్పటికి మూడు వారాలు దాటింది. రాతపరీక్ష మార్కులు గోడకి అంటించిన వారంలోపే, ఊరి బయట సముద్రం పక్క మలుపులో స్కూటర్ జారి లారీ కింద పడ్డాడు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. పిలిచిన దె పాల్మాకీ తెలుసు. తెలిసీ ఎందుకు పిలిచావయ్యా అంటే, జాబితాలో ఉన్న పేరు పిలిచి తీరాలి, అది నియమం అంటాడు. ఆ మనిషి తీరే అంత. ఏళ్ల తరబడి ఆయన పక్క కుర్చీలో అసిస్టెంటుగా కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? జీతం సగమే గాని చీవాట్లు మాత్రం పూర్తిగా దక్కేవి.

"కూర్చోండమ్మా. వరసలో పిలుస్తాను," అన్నాడు ఆవిడతో, తల ఎత్తకుండానే. ఆ క్షణాన ఆయన్ని కుర్చీతో సహా కిటికీలోంచి రేవులోకి తోసేయాలనిపించింది.

ఆయన నియమాలు మా రేవుపట్నం బారీలో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. రాతపరీక్షలో ముప్పైకి పద్దెనిమిది వస్తే గట్టెక్కినట్టు. ఆ తర్వాత అందరి ముందూ నోటిపరీక్ష. ఎవరైనా వచ్చి కూర్చుని వినొచ్చు. బాగా చెబితే రాత మార్కు పెరుగుతుంది, తప్పులు వాగితే ఎంతైనా తగ్గుతుంది. అసలు నోరే పెగలకపోతే మాత్రం నాలుగు పోతాయి, అంతకు మించి పోవు. "భయపడ్డవాడికి ఏమీ రాదని కాదు ఒర్నెల్లా. భయం ఖరీదు నాలుగు మార్కులు, అంతే," అనేవాడు నాతో. చివర్న మార్కు చెప్పి "ఒప్పుకుంటారా?" అని అడుగుతాడు. ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. వద్దంటే రాతపరీక్ష కూడా కొట్టుకుపోయి మళ్లీ మొదటికి వస్తుంది. విడత దాటిపోయినా అంతే.

మధ్యలో నేను లేచి గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. పేరు ఫిలొమేనా. బడి పిల్లలకి మధ్యాహ్నం వంట చేసే చోట పని. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని ఉంది.

"కాలేజీవాళ్లు వాడి పేరు మీద పట్టా ఇస్తామన్నారమ్మా," అంది గొంతు తగ్గించి. "కాకపోతే ఒక్క పరీక్ష కూడా మిగిలి ఉండకూడదంట. వాడికి ఇదొక్కటే మిగిలింది. ఇవాళ దాటితే రాసింది కూడా పోతుందట కదా?"

"పోతుందమ్మా," అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

సావినో పేపరు దిద్దింది నేనే. ఇరవై రెండు. మార్కులు అంటించిన రోజున నా గదికొచ్చి, "మేడమ్, మూడో లెక్కలో ఎక్కడ పోయాయో చెప్పండి, నోటిపరీక్షలో ఆయన అక్కడే పట్టుకుంటాడు," అన్నాడు. ఇంకా నెల్లాళ్లుంది కదరా, ఇప్పటినుంచే ఏం కంగారు అని నవ్వి పంపించాను. ఆ తప్పు ఎక్కడో చెప్పనే లేదు.

ముందు బల్ల దగ్గర ఒక లాయరు గారబ్బాయి టై సర్దుకుంటున్నాడు. ఆ ఎండలో టై ఏమిటో వాడికే తెలియాలి.

"ఇరవై ఆరు. ఒప్పుకుంటారా?" అన్నాడు దె పాల్మా.

"వద్దండి."

"ఏం?"

"ఇరవై ఎనిమిదికి తగ్గితే ఇంటికి రావద్దన్నారు నాన్నగారు."

"అలాగైతే హోటల్ చూసుకోండి. సెప్టెంబర్లో కలుద్దాం."

అందరూ నవ్వారు. ఫిలొమేనా నవ్వలేదు. వాడు లేచి వెళ్లేదాకా అటే చూసి, "అలా వద్దనొచ్చా?" అని నన్ను అడిగింది.

"అనొచ్చమ్మా. పిల్లలకి ఆ హక్కుంది."

ఆవిడ వంతు వచ్చింది. వెళ్లి, పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. సంచీలోంచి సావినో మార్కుల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నేను నా కుర్చీలోకి వచ్చాను. దె పాల్మా కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ తుడిచాడు. ఒకప్పుడు విద్యార్థులందరికీ ఒకే మార్కు ఇవ్వాలని పిల్లలు ఆయన్ని గదిలో పెట్టి తాళం వేస్తే, లోపల తాపీగా లెక్కలు చేసుకుంటూ కూర్చున్నాడు గాని ఒక్క అరమార్కు విదల్చలేదు. అలాంటి మనిషి పెన్ను మూత తీశాడు.

"నాకు ఓదార్చడం చేతకాదమ్మా," అన్నాడు. "ముప్పై వేస్తున్నాను. ఒప్పుకుంటారా?"

హమ్మయ్య అనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"వద్దండి," అంది ఫిలొమేనా.

"వద్దా?"

"ఇందాక ఆ అబ్బాయి అన్నాడు కదండీ. మావాడికి లేదా ఆ హక్కు?"

నేను బల్ల మీదుగా వంగి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, తీసుకోండి. వద్దంటే అంతా పోతుంది. రాసింది కూడా పోతుంది."

"ముప్పై వాడిదెలా అవుతుంది తల్లీ?" అంది. తర్వాత దె పాల్మా వైపు తిరిగింది. "మిమ్మల్ని ఇంట్లో ఏమనేవాడో తెలుసా? ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి."

"రాతిగుండె ముసలాడనేవాడు. ఆ ముసలాడు పద్దెనిమిది ఇచ్చినా ఊరంతా చెప్పుకుని తిరగొచ్చమ్మా అనేవాడు. నేను చిక్కుళ్లు ఒలుస్తుంటే వంటింట్లో ఎదురుగా కూర్చుని గట్టిగా అప్పజెప్పేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తప్పు చెప్పినా నాకు తెలియదు కదరా అంటే, నాకు తెలుస్తుంది కదమ్మా, చాలు అనేవాడు. ఇప్పుడు పోయాడు కదాని జాలిపడి మీరు ముప్పై వేస్తే, అది వాడి మార్కు కాదండీ. నా ఏడుపుకి వేసిన మార్కు."

దె పాల్మా పెన్ను మూత పెట్టాడు. మార్కుల పుస్తకం మూసి ఆవిడ వైపు జరిపాడు. ఇన్నేళ్లుగా వద్దన్న ప్రతివాడికీ చెప్పే మాట ఉంది కదా, నాలుక దానికి అలవాటు పడిపోయి ఉంది.

"సరే అయితే, సెప్టెంబర్లో కలుద్దాం," అన్నాడు.

అన్నాకే విన్నాడు, తనేమన్నాడో. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక బెంచీల్లో ఎవరో "అయ్యో" అన్నారు. ఇంతకుముందు ఎన్నోసార్లు ఆయన మీద మండిపడ్డాను గాని, జాలిపడటం మాత్రం అదే మొదలు.

"వాడు రాలేడండీ," అంది ఫిలొమేనా, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. "ఉంటే వచ్చేవాడే."

ఆవిడ లేవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

"కూర్చోండి. పరీక్ష ఇంకా మొదలే కాలేదు. మొదలుకాని పరీక్షకి మార్కు చెప్పడం నా పొరపాటు. ఆ ముప్పై చెల్లదు, మీరు వద్దన్నదీ చెల్లదు. ఒర్నెల్లా, రాసుకో."

నేను రాసుకున్నాను. ఆయన ఆ కుర్చీ వైపే చూస్తూ, అందరినీ అడిగే గొంతుతోనే అడిగాడు.

"లాతొర్రె, అంతులేకుండా సాగే కూడిక ఒక్కోసారి ఒక సంఖ్య దగ్గర తేలుతుంది. అది ఎప్పుడు తేలుతుందో, ఎప్పుడు తేలదో చెప్పండి."

జవాబు లేదు. దె పాల్మా నోరు పెగలనివాణ్ణి ఎన్నడూ తొందరపెట్టేవాడు కాదు. ఇప్పుడూ పెట్టలేదు. ఫ్యాను గిరగిర తిరుగుతోంది. రేవులో పడవేదో కూత పెట్టింది. ఫిలొమేనా ఖాళీగా ఉన్న బోర్డు వైపు చూస్తోంది, అక్కడ వాడు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నట్టు.

రెండో ప్రశ్న అడిగాడు. ఆగాడు. మూడోది మూడో లెక్క మీద అడిగాడు. సావినో చెప్పినట్టే అక్కడే పట్టుకున్నాడు. నేను తల దించుకుని కాగితం మీద గీతలు గీశాను. లేకపోతే అందరి ముందూ భోరుమనేదాన్ని. వెనక వరసలో ఒకడు ఏడ్చేశాడు, పక్కవాడు వాడి నోరు మూశాడు.

"రాతపరీక్షలో ఇరవై రెండు," అన్నాడు దె పాల్మా. "నోటిపరీక్షలో అభ్యర్థి నోరు తెరవలేదు. నాలుగు తీసేశాను. పద్దెనిమిది. ఒప్పుకుంటారా?"

ఫిలొమేనా నా వైపు తిరిగింది. "ఇది వాడిదేనా అమ్మా?"

"వాడిదేనమ్మా. అన్నీ వాడివే. పేపరు నేనే దిద్దాను."

"అయితే ఒప్పుకుంటున్నామండీ."

విద్యార్థి సంతకం చేయాల్సిన చోట ఆవిడ పెన్ను ఆగింది. "చిన్నప్పుడు వాడు బడి ఎగ్గొట్టి సముద్రానికి పోతే, జొరమొచ్చిందని రాసి సంతకం పెట్టేదాన్ని," అని తన పేరే రాసింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. దె పాల్మా కింద సంతకం చేశాడు. తల్లి సంతకానికి ఆఫీసువాళ్లు ఒప్పుకోరేమో సార్ అని నేను గొణిగితే, "ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపించు," అన్నాడు. తర్వాతి పేరు పిలవడానికి జాబితా అందుకున్నాడు గాని పిలవలేకపోయాడు.

నేను ఆవిణ్ణి బయటికి తీసుకొచ్చాను. వరండాలో ఫిజిక్సు పరీక్షకి వచ్చిన కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. లోపల జరిగింది వాళ్లకి తెలియదు. మా దగ్గర దె పాల్మా తలుపులోంచి ఎవరు బయటికొచ్చినా చుట్టూ మూగి మార్కు అడగడం మామూలే. పెద్దావిడ కాబట్టి ఎవరి తల్లో అనుకున్నారు.

"ఆంటీ, మీవాడికి ఎంతొచ్చింది?" అన్నాడు ఒకడు.

"పద్దెనిమిది," అంది ఫిలొమేనా.

"దె పాల్మా దగ్గర పద్దెనిమిదా! మొనగాడే మీవాడు! ఇంకా ఎన్ని పరీక్షలున్నాయేంటి?"

"ఏమీ లేవు నాన్నా. ఇదే ఆఖరిది."

"అంటే ఇంజనీరైపోయాడన్నమాట!" వాడు ఈల వేశాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. "ఎక్కడ దాక్కున్నాడు ఆంటీ? ఇవాళ మా అందరికీ బీరు పోయించకపోతే ఊరుకోమని చెప్పండి!"

నేను కళ్లతో సైగ చేశాను, వాళ్లు చూడలేదు. ఆవిడ ఆ ఈల వేసినవాడి చెంప నిమిరింది.

"చెప్తాను," అంది.

నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మలుపు దాటాక మెట్టు మీద కూలబడి, మార్కుల పుస్తకం గుండెకి అదుముకుని, "ఇంజనీరయ్యాడమ్మా," అంటూ గొల్లున ఏడ్చింది. పైన కుర్రాళ్లు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.