బాబాయి మాట ఆలస్యం

సెలూన్ నడిపే బాబాయికి నోరు ఊరికే ఉండదు. గొంతు ఆపరేషన్‌లో మాట పోయింది గానీ నోటి దురుసు మాత్రం చెక్కుచెదరలేదు. అద్దం కింది అరలో చిన్న డబ్బా లాంటి యంత్రం, పక్కన ఒక కీబోర్డు. ఎడమచేత్తో టకటకా కొట్టాడంటే డబ్బా పైకి పలికేస్తుంది. దాన్ని తయారుచేసి ఇచ్చింది ఆయన అన్నకూతురు చిట్టి. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతూ ఇంట్లోవాళ్ళకి పనికొచ్చే పని అదొక్కటే చేసిందని బాబాయే అంటుంటాడు.

సెలూన్ మధ్యలో ఒక తెర. ఇటు మగవాళ్ళ కుర్చీ, అటు ఆడవాళ్ళ కుర్చీ. అటువైపు కత్తెర పిన్నిది. తెరకి చెరోపక్కా ఉండి మొగుడూ పెళ్ళాం పొద్దస్తమానం మాటకు మాట అంటించుకుంటుంటే, జుట్టు పెరగకపోయినా జనం వచ్చి కూర్చునేవాళ్ళు. ఆయన వాక్యం సగంలో ఉండగానే ఆవిడ అడ్డం పడేది. ఆవిడ గుక్క తిప్పుకునేలోగా ఆయన డబ్బా అందుకునేది. చెప్పొద్దూ, అంత చక్కటి పోట్లాట ఊరంతా వెతికినా దొరకదు.

అలాంటి కాపురంలో చిట్టి చేజేతులా నిప్పులు పోసింది. డబ్బా గొంతు రైల్వే అనౌన్స్‌మెంట్‌లా ఉందని బాబాయి సణుగుతుంటే, ఆయన పాత రికార్డింగులు వెతికి పట్టుకుని, అచ్చం ఆయన గొంతే అనిపించే కొత్తది తయారుచేసింది. ఆ గొంతేమో యంత్రంలోని పాత లైబ్రరీతో నడవనని భీష్మించింది. లైబ్రరీ అంటే, ప్రోగ్రాములన్నీ ఏ చిన్న పనికైనా వెళ్ళి చెయ్యి చాచే చోటు, యంత్రానికి పునాది లాంటిది. సరే కదాని దాన్నీ మార్చేసింది. ఇంత చిన్న డబ్బాలో లైబ్రరీ ఎక్కడ పెట్టావే, పుస్తకాలకి చెదలు పట్టవా అని పిన్ని అడిగింది. చిట్టి విడమరిచి చెప్పబోయి మానుకుంది.

గొంతు బ్రహ్మాండంగా కుదిరింది. మాటే ఆలస్యమైంది. కొట్టిన వాక్యం ఎప్పటికో గానీ బయటికి రాదు. ఈలోగా ఇంకోటి కొడితే అది దాని వెనకాల నిలబడుతుంది. ఒత్తు జుట్టు కుర్రాడొకడికి క్రాఫు చేసి, గుడ్డ దులుపుతూ బాబాయి ఒక చెణుకు కొట్టాడు. కుర్రాడు లేచి వెళ్ళాడు. ఆ కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నాడు. ఆయన నెత్తి మీద వెతికినా వెంట్రుక లేదు. అప్పుడు తీరిగ్గా పలికింది డబ్బా: "ఇంకో నెల ఆగి వచ్చావంటే ఈ అడవిలో నా కత్తెర తప్పిపోతుంది." హెడ్మాస్టరు గడ్డం గీయించుకోకుండానే లేచి చక్కాపోయాడు.

ఇంతవరకూ నవ్వుకోవాల్సిన సంగతే. ఆ తర్వాత జరిగిందే నాకు నచ్చలేదు. జనం మర్యాద నేర్చుకున్నారు. బాబాయి కీబోర్డు మీద వేలు పెడితే చాలు, అందరూ నోళ్ళు మూసుకుని, రోగిని చూడటానికి వచ్చినట్టు ముఖాలు పెట్టి ఎదురుచూసేవాళ్ళు. పిన్ని అయితే హెయిర్ డ్రయ్యర్ కూడా కట్టేసి, ఉండండి, ఆయన మాట రానివ్వండి అనేది. అంత మర్యాదలో ఏ జోకు బతికి బట్టకడుతుంది?

సెలవు రోజు మధ్యాహ్నం చిట్టి వచ్చేసరికి డబ్బా అట్టపెట్టెలోకి ఎక్కేసింది. పిన్ని చెవిన పడకుండా బాబాయి ఫోన్లో కొట్టి చూపించాడు.

"పెళ్ళైనప్పట్నుంచీ నా మాట పూర్తిగా విన్న మనిషి కాదు మీ పిన్ని. ఇప్పుడు చేతులు కట్టుకుని వింటోంది. నేనంత జబ్బుమనిషినైపోయానా? నాకీ డబ్బా వద్దమ్మా."

పోనీ పాత లైబ్రరీ, పాత గొంతు పెట్టేస్తానంది చిట్టి. ఆయన అడ్డంగా తల ఊపాడు. కొత్త గొంతు పలికిన మొదటిరోజు పిన్ని కత్తెర పట్టుకునే తెర తోసుకుని పరిగెత్తుకొచ్చి, మళ్ళీ మీరే మాట్లాడినట్టుందండీ అందట. ఆ గొంతు ఉండాలి, ఆ పోట్లాటా ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా ఆయనకి ఆ డబ్బా అక్కర్లేదు.

చిట్టి అట్టపెట్టె విప్పి పనికి కూర్చుంది. బరువెక్కువై నడవలేకపోతోందేమోనని మిగతా ప్రోగ్రాములన్నీ ఆపేసింది. ఊహూఁ. విసుగు పుట్టి "ఊఁ" అని ఒక్క ముక్క కొట్టింది. తర్వాత పొడుగాటి తిట్ల దండకం కొట్టింది. రెంటికీ ఆలస్యం ఒక్కటే. అప్పుడు బుర్రలో వెలిగింది. ఇది పని చేయడంలో నెమ్మది కాదు, పని మొదలెట్టే ముందు ఎవరికోసమో ఆగుతోంది.

తవ్వితే సంగతి బయటపడింది. ప్రతి వాక్యానికీ ముందు ఆ గొంతు ప్రోగ్రాము, ఈ యంత్రం పేరేమిటని లైబ్రరీని అడుగుతుంది. పాత లైబ్రరీ తనకు తెలిసిందే గనక ఠక్కున చెప్పేసేది. కొత్తది పద్ధతి తెలిసినది. ముందు ఎవర్ని అడగమని రాసి ఉందో వాళ్ళనే అడగాలంటుంది. డబ్బా తయారుచేసినప్పుడు చిట్టి అలా రాసి మరిచిపోయినది, తన ఆఫీసులో ఎప్పుడో తుక్కు కింద పోయిన కంప్యూటరు పేరు. లేని కంప్యూటరుని మర్యాదగా పిలిచి, జవాబు కోసం ఓపిగ్గా కూర్చుని, ఇక రాదని తేలాక బాబాయి మాటని పైకి పంపేది. అక్కడా మర్యాదే కొంప ముంచింది. చిట్టి ఆ పేరు కాస్తా చెరిపేసింది.

మర్నాడు సెలూన్ తెరిచారు. ఇటు బస్సు డ్రైవరు గడ్డానికి నురగ పూసుకుని కూర్చున్నాడు. అటు పిన్ని ఎవరికో జుట్టు ఆరబెడుతోంది. కీబోర్డు చప్పుడు వినగానే అలవాటు కొద్దీ డ్రయ్యర్ ఆగింది, డ్రైవరు చేతులు కట్టుకున్నాడు.

"మా ఆవిడ చేతిలో తల పెట్టినవాళ్ళు," అని డబ్బా అప్పుడే అందుకుంది, "ఇంటికెళితే పిల్లలు గుర్తుపట్టక..."

పిన్ని ఒక్క క్షణం తెల్లబోయింది. అంతే.

"అబ్బో, తమరు గాటు పెట్టిన చెవుల సంగతి నన్ను చెప్పమంటారా?"

డబ్బా ఆగలేదు. పిన్ని అసలే ఆగలేదు. పైగా డ్రయ్యర్ పూర్తి స్పీడులో పెట్టేసింది. ఆ హోరులో బాబాయి వాక్యం చివర ఏమైందో ఎవరికీ వినపడలేదు.

సౌండు పెంచనా అని మూల కూర్చుని చూస్తున్న చిట్టి అడిగింది. బాబాయి వద్దన్నట్టు చెయ్యూపాడు. శబ్దం లేని నవ్వుతో భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతికందిన గుడ్డ పట్టుకుని తుడుచుకున్నాడు. అది డ్రైవరు మెడకి కట్టి ఉన్న గుడ్డ. గడ్డం సగంలో ఉందయ్యా, బస్సుకి టైమవుతోంది అని ఆయన లబలబలాడాడు గానీ, ఆయన మాట కోసం కూడా ఎవరూ ఆగలేదు.