రాట్నం దగ్గర విప్పిన తాడు

భావనపాడు జాలరిపేటలో మగపిల్లవాణ్ణి తొలిసారి చేపల వేటకు తీసుకుపోయేటప్పుడు నడుముకు తాడు కడతారు. తాడు రెండో కొస తెప్ప దుంగకు ఉంటుంది. ముడి తోక పట్టుకుని ఒక్క లాగు లాగితే పిల్లవాడే విప్పుకోగలడు. తెప్ప తిరగబడితే వాడు దాని కింద ఇరుక్కుపోకూడదు కదా. కెరటం వాణ్ణి ఊడ్చుకుపోయిందా, తండ్రి తాడు లాగి మళ్ళీ తెప్ప మీద వేసుకుంటాడు. ఏడాది తిరిగేదాకా అలాగే. తాడు కట్టించుకున్నాడంటే ఇక వాడు వేటగాళ్ళలో లెక్క. పేటలో పిల్లలకు అది ఎంతో గొప్ప.

అరవై ఎనిమిదిలో దసరాలు వెళ్ళాక కొడుకు లక్ష్ముడికి తాడు కట్టాలని దాలయ్య అనుకున్నాడు. తాడు తానే పేనాడు. లక్ష్ముడు దాన్ని మెడలో వేసుకుని పేటంతా తిరిగి అందరికీ చూపించి వచ్చాడు. తొమ్మిదేళ్ళ వాడికి అంతకన్నా ఏం కావాలి?

ఈలోగా వాడి తల్లి లక్ష్మణమ్మ విజయనగరం వెళదామని పట్టుబట్టింది. పైడితల్లమ్మ సంబరం చూడాలన్నది పైకి చెప్పిన మాట. అసలు కోరిక తమ్ముణ్ణి చూడాలని. తమ్ముడు నారాయణమూర్తి పేట మొత్తానికీ మొదటి బి.ఏ. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే లక్ష్మణమ్మే చేపల గంప నెత్తిన మోసి చదివించింది. ఇప్పుడతను విజయనగరంలో ఒక ఆఫీసులో గుమాస్తా. టెర్లిన్ చొక్కా వేసుకుంటాడు. అతని మాట ఎత్తితే చాలు, లక్ష్మణమ్మకు మెడ నిటారుగా నిలబడేది.

మేనమామకని ఎండుచేపల మూట కట్టారు. మూటకు తన తాడే కట్టాలని లక్ష్ముడు మొండికేశాడు. రైల్లో మూట ఒళ్ళోనుంచి దించలేదు.

"మావా, ఇది నా తాడు. సంబరం అయినాక అయ్య నాకు కడతాడు," అన్నాడు నారాయణమూర్తి ఇంటి గుమ్మంలోనే.

"అలాగా," అని నారాయణమూర్తి మూటను దొడ్లో పెట్టించాడు. పక్క వాటాలవాళ్ళకు వాసన రాకూడదని. తాడు మాత్రం లక్ష్ముడు విప్పి భుజాన వేసుకున్నాడు.

మర్నాడు సాయంకాలం అందరూ ఎగ్జిబిషన్‌కు వెళ్ళారు. మైదానం చివర పిల్లల రాట్నం. ఇంజను డబడబమంటూ తిప్పుతుంటే ఇనప పెట్టెలు పైకి లేచి, ఆకాశంలో ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, దిగి వస్తున్నాయి. లక్ష్ముడు నోరు తెరుచుకు నిలబడిపోయాడు. నారాయణమూర్తి టిక్కెట్టు కొన్నాడు.

"నానూ ఎక్కుతాను ఆడితోటి," అన్నాడు దాలయ్య.

"పెద్దోళ్ళకి లేదు," అన్నాడు రాట్నం వాడు. "పెట్టెలో పిల్లలే. నువ్వెక్కితే ఓ పక్క ఒరిగిపోద్ది."

దాలయ్య తల ఎత్తి రాట్నాన్ని చూశాడు. వేటకు వెళ్ళేముందు మబ్బును చూసినట్టు చూశాడు. పిల్లవాడికీ కిందనున్న నేలకూ మధ్య ఒకే ఒక ఇనప కడ్డీ. అది కూడా కొక్కేనికి తగిలించి ఉంది, అంతే. అతను లక్ష్ముడి భుజం మీద తాడు తీసి, వాడి నడుముకు చుట్టి, రెండో కొస పెట్టె కమ్మికి ముడేశాడు. లక్ష్ముడు ఛాతీ విరుచుకుని కట్టించుకున్నాడు. తాడు కట్టే ముహూర్తం ముందే వచ్చేసిందనుకున్నాడు కాబోలు.

ముందు ఎవడో నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

"ఒరే, కోతినాడించేవోడొచ్చేడ్రోయ్!"

"డప్పేదోయ్ బాబూ? కర్రేది?"

"ఏదీ, అత్తారింటికి ఎలా ఎల్తావో సూపించరా గుంటడా!"

అదే పెట్టెలో ఎదురుగా జడగంటలు వేసుకున్న పిల్ల ఒకతె కూర్చుని ఉంది. అది లక్ష్ముడి కేసి చూసి పకపకా నవ్వి, "నాన్నా, కోతి!" అని అరిచింది. లక్ష్ముడి ఛాతీ వంగిపోయింది. తాడును చొక్కా కింద దాచబోయాడు. చొక్కా పొడుగు చాలలేదు.

ఆ పిల్ల తండ్రి నారాయణమూర్తి ఆఫీసులో హెడ్ గుమాస్తా నరసింగరావు. గుంపులోంచి ఆయన ముందుకు వచ్చాడు. "ఏవయ్యా నారాయణమూర్తీ, నువ్వూ ఇక్కడే ఉన్నావా? ఎవరు వీళ్ళు?"

నారాయణమూర్తి చేతులు కట్టుకున్నాడు. "మా ఊరివాళ్ళండి," అన్నాడు.

లక్ష్మణమ్మ పక్కనే ఉంది. విన్నది. మా అప్ప అనలేదు, మా బావ అనలేదు. విని కూడా, పెద్ద ఉద్యోగస్తుల ముందు అలాగే అనాలేమో అనుకుంది. అంత మురిపెం ఆ తమ్ముడంటే.

"విప్పీ బావా," అన్నాడు నారాయణమూర్తి పళ్ళ మధ్యనుంచి. "అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ. గుంటడు పడిపోతే ఆళ్ళొచ్చి పట్టుకుంటారేటి?"

"ఇది సముద్రం కాదు బావా. ఇంజనీర్లు లెక్కలు కట్టి చేసింది. ఇంతమంది పిల్లలు ఎక్కలేదా? వాళ్ళ తండ్రులకు లేని భయం నీకేటి?"

దాలయ్య పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు లక్ష్మణమ్మకు ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేం. తన వైపు ఒక్కరైనా ఉంటారని చూసిన చూపు అది.

"ఒగ్గీ," అంది లక్ష్మణమ్మ. "తాడు ఒదిలీ. సదువుకున్నోడు సెప్తన్నాడు కదా. తమ్ముడి పరువు తీయకు."

దాలయ్య చేతులు ఆడలేదు. నారాయణమూర్తే చొరవ చేసి ముడి తోక పట్టుకుని లాగాడు. ఎంత చదువుకున్నా పేటలో పుట్టినవాడు, ఏ కొస లాగాలో తెలుసు. తాడు జారి కింద పడింది. నరసింగరావు "శభాష్" అన్నాడు.

రాట్నం తిరిగింది. లక్ష్ముడు పైకి వెళ్ళాడు, దిగాడు, మళ్ళీ వెళ్ళాడు. ఏమీ కాలేదు. పైనుంచి కేకలు పెట్టి చేతులు ఊపాడు. దిగాక రెండోసారి ఎక్కుతానని ఏడ్చాడు. "చూశావా అప్పా," అన్నాడు నారాయణమూర్తి. లక్ష్మణమ్మ మొహం వెలిగిపోయింది. దాలయ్య వంగి, జనం తొక్కుతున్న తాడును ఏరుకుని, మట్టి దులిపి చుట్ట చుట్టుకున్నాడు.

ఇంటికి వస్తూ రైల్లో ఆ తాడును లక్ష్ముడు ముట్టుకోలేదు.

మళ్ళీ వారం సముద్రం కుదుటపడింది. దాలయ్య, అతని జతగాడు గంగులు తెప్ప దుంగలు జతచేసి బిగించారు. లక్ష్మణమ్మ కొడుకు నుదుట పసుపు బొట్టు పెట్టింది. దాలయ్య తాడు పట్టుకుని దగ్గరకు వచ్చేసరికి లక్ష్ముడు వెనక్కి దూకాడు.

"నాకొద్దు. కట్టొద్దు."

"ఏల్రా?"

"నాను కోతినేటి?"

గంగులు నవ్వాడు. "ఓరి గుంటడా, నానూ కట్టించుకున్నాను, మీ అయ్యా కట్టించుకున్నాడు. మేం కోతులమేట్రా?"

"మావ ఇప్పీసినాడు కదా. ఇప్పీసినా ఏటీ అవనేదు. ఏదీ, అవనేదు కదా?"

దాలయ్య తాడు కొస వేలికి చుట్టుకున్నాడు. నిజమే, ఏమీ అవలేదు. ఏం చెప్పినా ఆ నవ్వులన్నీ మళ్ళీ తన చెవుల్లోనే మోగుతాయి. అతను పిల్లవాడి రెక్క పట్టుకున్నాడు. వాడు ఇసకలో పడి పొర్లి ఏడ్చాడు. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ ఆగి చూస్తున్నారు. తొలి వేట నాడు ఏడుపు మంచిది కాదని ముసలమ్మలు గొణిగారు.

"ఒగ్గీ," అంది లక్ష్మణమ్మ. "ఈ ఒక్క నాటికి ఒగ్గీ. నీ కళ్ళ ముందరే ఉంటాడు కదా."

దాలయ్య తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తెప్ప వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత జరిగింది గంగులు చెప్పాడు. వేట బాగానే అయింది. లక్ష్ముడు బుద్ధిగా కూర్చుని వలలోంచి చేపలు తీశాడు. తిరిగి వచ్చేటప్పుడు, ఒడ్డు కనిపిస్తూ ఉండగా, కెరటాలు విరిగే చోట ఒక కెరటం వెనకనుంచి వచ్చి వాణ్ణి తుడుచుకుపోయింది. దాలయ్య తెడ్డు వదిలి దూకాడు. పిల్లవాణ్ణి జుట్టు పట్టుకుని ఎత్తి గంగులు చేతికి అందించాడు. అందించి తాను తెప్ప పట్టుకునేలోగా రెండో కెరటం తెప్పను లేపి అతని తల మీద వేసింది.

"తాడుంటే దూకే పనే నేదు," అన్నాడు గంగులు ఏడుస్తూ. "కూకున్న సోటునించే లాగీసేవోడు."

అతను ఎవరినీ తప్పుపట్టాలని అనలేదు. వేట తెలిసినవాడు గనక అన్నాడు. లక్ష్మణమ్మకు అది మేకులా దిగింది.

పెద్దకర్మకు నారాయణమూర్తి వచ్చాడు. ఖర్చంతా తానే పెట్టుకున్నాడు. ఆ మాట చెప్పుకోవాలి. భోజనాలయ్యాక పందిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళ ఎదుట అన్నాడు: "నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నాను అప్పా, పిల్లాణ్ణి సముద్రంలోకి పంపొద్దని. వింటేనా? ఇప్పుడైనా నాతో పంపు. చదివించుకుంటాను."

"బి.ఏ. సదివినోడు ఊరికే అంటాడేటి?" అన్నారు ఆడవాళ్ళు.

పంపొద్దన్న మాట తమ్ముడి నోట లక్ష్మణమ్మ వినడం అదే తొలిసారి. "రాట్నం కాడ తాడు నువ్వే ఇప్పినావు కదరా," అంది.

నారాయణమూర్తి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రాట్నానికీ సముద్రానికీ సంబంధం ఏటి అప్పా?"

అతనికి తెలియదని ఆమెకు అప్పుడు అర్థమయింది. చెప్పినా తెలియదు. చెప్పాలంటే రెండుసార్లు "ఒగ్గీ" అన్న నోటితోనే చెప్పాలి.

గంగులు తన తెప్ప మీద లక్ష్ముణ్ణి పెట్టుకుంటానన్నాడు. "ఈ పాలి తాడు నానే కడతాను ఒదినా," అన్నాడు. కానీ లక్ష్ముడు ఇప్పుడు తడి ఇసక దాకా కూడా వెళ్ళడం లేదు. కెరటం చప్పుడు పెద్దదయితే గుడిసెలో మూలకు పోయి చెవులు మూసుకుంటున్నాడు. తాడు చూరుకు వేలాడుతోంది. ఒకరోజు వాడు దాన్ని తీసి తానే నడుముకు కట్టుకుని కూర్చోవడం తల్లి చూసింది. ఆ తాడు కళ్ళముందు ఉన్నంతకాలం వాడు తేరుకోడనిపించి, ఆ పూటే తమ్ముడికి సరేనని కబురు పంపింది. కొడుకును పంపడానికి ఆమెకు మరో చెయ్యి లేదు. ఉన్నది తాడు విప్పిన ఆ చెయ్యే.

నౌపడ స్టేషన్లో బొగ్గింజను పొగ కక్కుతోంది. నారాయణమూర్తి కిటికీ పక్కన లక్ష్ముణ్ణి కూర్చోబెట్టి, వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఎదుటి బెంచీ మీద పంచె కట్టుకున్న పెద్దమనిషి, "ఎవరబ్బాయి?" అని అడిగాడు.

"మా మేనల్లుడండి. తండ్రి పోయాడు. నేనే చదివిస్తున్నాను."

"పుణ్యాత్ములు," అన్నాడు పెద్దమనిషి.

కిటికీ కింద నిలబడిన లక్ష్మణమ్మ ఆ మాటా విన్నది. మేనల్లుడు. ఇప్పుడు అనగలిగాడు. అనడానికి వాడి అయ్య పోవలసి వచ్చింది.

"భయపడకు అప్పా. నేను చెయ్యి వదలను," అన్నాడు నారాయణమూర్తి. గుప్పిట మరింత బిగించాడు. వాడి వేళ్ళు కమిలి ఎర్రబడ్డాయి.

"మావా, నొప్పి. ఒగ్గీ," అన్నాడు లక్ష్ముడు.

బండి కదిలింది. రైలు ఎటూ ఒరగడం లేదు, కెరటం ఏదీ రావడం లేదు, పిల్లవాడు పడిపోయే చోటు కాదు. నారాయణమూర్తి మాత్రం మణికట్టు వదలలేదు. వదలమన్న మాట మూడోసారి లక్ష్మణమ్మ నాలుక మీదకు వచ్చింది. ఆమె నోరు మూసుకుంది.