చిరగని బట్ట

కేంద్రం వార్షికోత్సవానికి దాని చరిత్ర రాసిమ్మని అధ్యక్షుడుగారు అడిగారు. రాస్తాను. ఆయనకు నచ్చదు.

ఇది మొదట మా అత్త కుట్టుకొట్టు. ఒకరోజు ఆసుపత్రి నర్సొకామె గౌను తెచ్చి, "చిరిగింది, కుట్టాలి" అంది. అత్త తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా చిరుగు లేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, ఎక్కడ చిరిగిందని అడగలేదు. తలుపు గడియపెట్టి, తెర లాగి, "తీరిగ్గా కుడదాం, కూర్చో తల్లీ" అంది. తనను పాడుచేసిన పెద్ద డాక్టరు సంగతి నర్సు ఆ తెర వెనకే చెప్పింది.

ఆ మాట ఆడవాళ్ళ నోటా నోటా పాకింది. చిరగని బట్ట పట్టుకెళ్తే చాలు, నోరు తెరవక్కర్లేదు. దారిలో ఎవరడిగినా కుట్టుకి వెళ్తున్నానంటే సరి. తెర వెనక్కి సాయం చెయ్యడానికి డాక్టరమ్మ వచ్చింది, వకీలమ్మ వచ్చింది. నేనూ బట్ట పట్టుకుని వచ్చినదాన్నే. ఆమెను అత్తా అని పిలవడం అప్పటినుంచే.

అత్త పోయాక సంఘం పుట్టింది. అధ్యక్షుడుగారు మిషనును మూలకు నెట్టించి, గుమ్మం మీద బారెడు బోర్డు కొట్టించారు: లైంగిక దాడి బాధితుల సహాయ కేంద్రం.

"దీని కిందనుంచి ఎవరొస్తారండీ?" అన్నాను.

"సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదమ్మా. ఇంకా ఆ దొంగచాటు బట్టల తంతు దేనికి?"

నిజమే, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆ నిజాన్ని మోస్తూ వీధంతా చూస్తుండగా గుమ్మం దాటాల్సింది ఆయన కాదుగా! ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వచ్చేవాళ్ళు తగ్గిపోతే, "చూశావా, మన పేటలో నేరాలు తగ్గాయి" అని మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

ఎదుటి రొట్టెల దుకాణంలో పనిచేసే పిల్ల ఆ రోజుల్లోనే చంకలో పొట్లంతో అవతలి పక్క నిలబడేది. బోర్డు చదివి వెళ్ళిపోయేది. నేను పలకరించబోతే తప్పుకునేది. తనంతట తను లోపలికి వస్తే చాలనుకున్నాను. మిషను తెచ్చి, ఆమెకు కనబడేలా కిటికీలో పెట్టాను.

వచ్చింది. నేను పాత కేసు పనిమీద కోర్టుకు వెళ్ళిన పూటే వచ్చింది.

ఆ పొద్దునే అధ్యక్షుడుగారు పంపగా చేరిన కౌన్సెలర్, నేను రాగానే నవ్వుతూ చెప్పింది.

"ఎవరో తమాషా పిల్ల అక్కా. శుభ్రమైన గౌను తెచ్చి చిరిగింది, కుట్టమంటుంది. వెలుతుర్లో పెట్టి మరీ చూశాను. ఇక్కడ బట్టలు కుట్టరమ్మా, అయినా ఏమీ కాలేదుగా అన్నాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఏమంది?"

"'ఏమీ కాలేదా?' అని మళ్ళీ అడిగింది. కాలేదని చెప్పా. మడతపెట్టుకుని వెళ్ళిపోయింది."

రొట్టెల దుకాణానికి పరిగెత్తాను. పని మానేసి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది. అధ్యక్షుడుగారు. ఇవాళ ఎవరైనా వచ్చారా అని అడిగినట్టున్నారు.

"లేదండీ, ఎవరూ రాలేదు" అంది కౌన్సెలర్.