నీటి కింద హినాకుబో

అత్తగారి పుట్టినరోజుకని కోడలు మిహోకో ఒకరోజు బస్సు యాత్రకు టికెట్లు కొన్నానంటే తొకియె సంతోషించింది. ఎర్రబడ్డ ఆకులు చూడటానికి జలాశయం దగ్గరికని తెలిశాక మాత్రం ఆ సంతోషం నిలవలేదు. ఇన్నేళ్లు టోక్యోలో ఉండి కూడా ఆ దిక్కుకు ఎన్నడూ వెళ్లని మనిషి ఆమె. వద్దంటే కోడలు చిన్నబుచ్చుకుంటుందని ఊరుకుంది.

టోక్యోలోని షింజుకులో బస్సెక్కారు. బస్సు కదలగానే వెనక సీట్లలో అన్నం డబ్బాల మూతలు లేచాయి.

"ఆకులు చూడ్డానికొచ్చారా, మేయడానికొచ్చారా?" అని ఒకాయన మేలమాడాడు.

"ఆకులు ఆగుతాయి గానీ ఆకలి ఆగుతుందా అన్నయ్యా!" అంది ఒకావిడ.

బస్సంతా నవ్వింది. తొకియె కిటికీలోంచి కొండలనే చూస్తూ కూర్చుంది.

ఆనకట్ట మీద గైడు అమ్మాయి చిన్న జెండా ఎత్తి పట్టుకుంది. "టోక్యోలో మనం తాగేది ఈ నీళ్లే. వీటి అడుగున ఒకప్పుడు ఊళ్లుండేవట."

"అట ఏంటమ్మా, ఉండేవి," అంది తొకియె. "మాది హినాకుబో. అదిగో, ఆ కొండ మలుపు కింద మా ఇల్లు."

గైడు అమ్మాయి జెండా దించేసింది. తక్కినవాళ్లు ఫొటోలకని ముందుకు సాగిపోయారు.

"ఇన్నేళ్లలో ఒక్క మాటైనా చెప్పలేదేంటత్తయ్యా? తెలిస్తే ఇక్కడికి తెచ్చేదాన్నా?" అంది మిహోకో.

"చెబితే ఏం చేస్తావే? నీళ్లన్నీ తోడిపోస్తావా?"

తర్వాత ఒక బల్ల మీద కూర్చుని తొకియె తనే చెప్పింది. తమ్ముడు మికియో ఏడాది నిండకుండానే పోయాడు. ఇంటి వెనక పాతిపెట్టారు, రాయి కూడా నాటలేదు. ఊరు ఖాళీ చేసేటప్పుడు సమాధులను కొండ మీదికి మార్చారు. నాన్న పలుగు పట్టుకుని వెళితే అమ్మ అడ్డం పడింది. "నిద్రపోతున్నాడు, లేపకండి," అంది. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. టోక్యోలో అమ్మ రోజూ పొద్దున్నే కుళాయికి దండం పెట్టాకే తిప్పేది. పోయేదాకా అంతే.

"నాకు మాత్రం ఒక్కోరోజు గ్లాసు పట్టుకుంటే నీళ్లు గొంతు దిగేవి కావు."

మిహోకో లేచి చెయ్యి అందించింది. "పదండి, కిందికి దిగుదాం."

పక్కనే చేపలు పట్టేవాళ్లు నీళ్ల దాకా నడిచే బాట ఉంది. తొకియె కోడలి భుజం పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ ఒడ్డు చేరి, నీళ్ల దగ్గర కూలబడింది.

"మికియో, అక్కనురా. అమ్మ కూడా పోయింది నాన్నా. నేను రావడానికి ఇంత ఆలస్యమైంది."

దోసిలి ముంచి తాగింది. వారించబోయి మిహోకో చెయ్యి వెనక్కి తీసుకుంది. తొకియె మొహం కప్పుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

వాళ్లు పైకి వచ్చేసరికి బస్సు వాళ్ల కోసమే ఆగి ఉంది. ముందు సీట్లో బట్టతల పెద్దమనిషి చిరాకుగా అన్నాడు: "మహారాణులు దయచేశారా? చీకటి పడకుండా ఇల్లు చేరతామా?"

గైడు అమ్మాయి వంగి ఆయనతో నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయన మొహం చిన్నబోయింది. గబగబా లేచాడు.

"ఇక్కడ కూర్చోండక్కా. ఇటువైపైతే నీళ్లు కనబడతాయి."

బస్సు కదిలింది. అమ్మాయి మైకు తీసుకుంది. "ఈ నీళ్ల కింద హినాకుబో అనే ఊరుంది," అని, ఇంకేమీ చెప్పకుండా మైకు కట్టేసింది. బస్సు సొరంగంలోకి దూరింది.

చీకట్లో మిహోకో అడిగింది: "వచ్చే ఏడు మళ్లీ వద్దామా అత్తయ్యా?"

"ఆకులన్నీ రాలిపోయాక వద్దాం," అంది తొకియె. "అప్పుడైతే జనం ఉండరు."